అక్షరం పెరిగింది, బటన్ తగ్గింది

ప్రశ్న: మేము హైదరాబాదులో ఉండి, అమెరికాలోని ఖాతాదారుల పద్దులను క్విక్‌బుక్స్ డెస్క్‌టాప్ అనే లెక్కల ప్రోగ్రాములో రాస్తుంటాము. కార్యాలయం వారు నాకు కొత్త లాప్‌టాప్ ఇచ్చినప్పటి నుంచి, ప్రోగ్రాము తెరవగానే డిస్‌ప్లే సెట్టింగులు తగిన విధంగా లేవన్న అర్థంలో ఒక సూచన కనిపిస్తోంది. ఇన్‌వాయిస్ తెరిస్తే అడుగున ఉండవలసిన సేవ్ బటన్లు టాస్క్‌బార్ వెనక్కి పోతున్నాయి. లెక్కలకు ఏమైనా ముప్పు ఉందా? ఇకపై ఈ సూచన చూపవద్దన్న గడిలో టిక్కు పెట్టేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: లెక్కలకు ముప్పేమీ లేదు. ఆ సూచన మీ తెర గురించినదే తప్ప లెక్కలు దాచే కంపెనీ ఫైలు గురించినది కాదు. అయితే టిక్కు పెట్టడం వల్ల సూచన పోతుంది గాని, టాస్క్‌బార్ వెనక్కి పోయిన బటన్ తిరిగి రాదు. కనుక కారణం తెలుసుకొని సరిచేయడమే మంచిది.

పద్దులు రాసేవారికి పద్దు రూపంలో చెబితేనే సులువు. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి తెర 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు. అంత చిన్న తెరపై అన్ని పిక్సెళ్లు ఉంటే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి కాబట్టి, విండోస్ వాటిని 125 లేదా 150 శాతానికి పెంచి చూపిస్తుంది. 150 శాతానికి పెంచినప్పుడు ప్రోగ్రాముకు లెక్కకు మిగిలేది 1280 అడ్డం, 720 నిలువు మాత్రమే. క్విక్‌బుక్స్ డెస్క్‌టాప్‌కు తయారీదారు సూచించిన కొలత 1280 అడ్డం, 1024 నిలువు, లేదా అంతకన్నా ఎక్కువ. అది కూడా విండోస్ మామూలు స్కేలింగులో, అంటే అక్షరాలను పెంచకుండా 100 శాతంలో. అడ్డం సరిగ్గా సరిపోయింది, నిలువులో 304 లోటు. అందుకే మీకు పక్కన ఉన్నవన్నీ కనిపిస్తూ అడుగున ఉన్నవి మాత్రమే మాయమవుతున్నాయి. 125 శాతంలో పెట్టినా నిలువు 864 దగ్గరే ఆగుతుంది కనుక లోటు తీరదు. 100 శాతంలో మాత్రమే 1080 పూర్తిగా దక్కుతుంది.

విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిచి, రిజల్యూషన్‌ను (పిక్సెళ్ల కొలతను) రికమెండెడ్ అని రాసి ఉన్న దగ్గరే ఉంచి, స్కేల్‌ను 100 శాతానికి మార్చండి. ఆ తరువాత సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి రండి. ఈ మెట్టు దాటవేసి, మార్చినా మారలేదని వాపోయేవారు చాలామంది. క్విక్‌బుక్స్‌లో నుంచే వెళ్లాలనుకుంటే ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో డెస్క్‌టాప్ వ్యూ తెరిస్తే అక్కడి డిస్‌ప్లే బటన్ కూడా విండోస్ సెట్టింగుల వద్దకే తీసుకుపోతుంది.

పద్నాలుగు అంగుళాల తెరపై 100 శాతంలో రోజంతా అంకెలు చూడమని ఎవరికీ సలహా ఇవ్వలేను. కార్యాలయాన్ని ఒక పెద్ద మానిటర్ అడగండి. స్కేలు తెర తెరకూ వేరుగా పెట్టుకోవచ్చు గనుక మానిటర్‌కు 100, లాప్‌టాప్‌కు 150 ఉంచుకోవచ్చు. అక్షరాలు మసకబారడమే మీ ఇబ్బంది అయితే, ప్రోగ్రాము మూసి, దాని ఐకాన్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీలో హై డీపీఐ సెట్టింగులు తెరిచి, ఓవర్‌రైడ్ గడిలో టిక్కు పెట్టి, సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకొని చూడండి. దానితో మసక తగ్గవచ్చు గాని, నిలువులోని లోటు పూడదు.

మీరు ఖాతాదారు సర్వర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా, అంటే దూరంలోని కంప్యూటర్‌ను మీ తెరపై తెరిచి, పనిచేస్తున్నట్లయితే పైన చెప్పిన మార్పు అక్కడ కుదరదు. రిమోట్ సెషన్ నుంచి డిస్‌ప్లే సెట్టింగులు మార్చలేరని విండోసే చెబుతుంది. కనెక్ట్ అయ్యే సమయంలో మీ లాప్‌టాప్ స్కేలునే సర్వర్ తీసుకుంటుంది. కాబట్టి సర్వర్ నుంచి పూర్తిగా సైన్ అవుట్ చేసి, ఇక్కడ మీ తెరను సరిచేసుకొని, మళ్లీ కనెక్ట్ కండి. రిమోట్ డెస్క్‌టాప్ కిటికీ మూసేసి తిరిగి తెరవడం సైన్ అవుట్ కిందికి రాదు.

ప్రశ్న: తొందరలో కనిపించిన ప్రతి సూచనకూ "మళ్లీ చూపవద్దు" అని టిక్కు పెట్టేశాను. ఇప్పుడు అవసరమైన హెచ్చరికలు కూడా రావడం లేదు. వాటిని వెనక్కి రప్పించగలమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రప్పించవచ్చు. క్విక్‌బుక్స్ ప్రిఫరెన్సెస్‌లో జనరల్, అందులో మై ప్రిఫరెన్సెస్ తెరిచి, "బ్రింగ్ బ్యాక్ ఆల్ వన్ టైమ్ మెసేజెస్" గడిలో టిక్కు పెట్టండి. ఒక్కొక్కటిగా ఏరుకునే వీలు లేదు, అన్నీ కలిసే వస్తాయి. ఉత్పత్తులు, సేవల ప్రకటనలు మాత్రమే విసిగిస్తుంటే వాటిని ఆపే గడి కూడా అక్కడే వేరుగా ఉంది. మొదటే దానిని వాడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ప్రశ్న: డల్లాస్‌లో మాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. లెక్కలు రెండు మానిటర్లపై చూసుకునేవాళ్లం. ఒకటి తీసేశాక క్విక్‌బుక్స్ టాస్క్‌బార్‌లో ఉన్నట్టే ఉంది గాని తెరపై కనిపించడం లేదు.
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మీరు తీసేసిన మానిటర్ ఉన్న చోటే ప్రోగ్రాము ఇంకా తెరుచుకుంటోంది. టాస్క్‌బార్‌లో దాని ఐకాన్ నొక్కి, విండోస్ కీ పట్టుకొని ఎడమ లేదా కుడి బాణం కీ నొక్కితే ఉన్న తెరమీదికి వస్తుంది. వచ్చాక వ్యూ మెనూలో మల్టీ మానిటర్ మోడ్‌ను ఆపి, డెస్క్‌టాప్ వ్యూలో "డోంట్ సేవ్ ద డెస్క్‌టాప్" ఎంచుకోండి. అప్పుడు నిన్నటి కిటికీలను గుర్తుపెట్టుకొని తెరవడం మానేస్తుంది.