బెజవాడ రైళ్లు, మీ కెమెరా

ప్రశ్న: ఈ మధ్యే కెమెరా కొన్నానండీ. విజయవాడ చుట్టుపక్కల ఎక్స్‌ప్రెస్‌లూ, గూడ్సు బళ్లూ ఫొటోలు తియ్యాలని ఉంది. ఎక్కడ నిలబడితే బాగా వస్తాయి? పోలీసులు ఏమైనా అంటారా? స్పీడుగా పోయే బండి ఎప్పుడు తీసినా అలికేసినట్టు వస్తోంది, ఎందుకు?
- ఒక పాఠకుడు, సత్తెనపల్లి

జవాబు: ముందు ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్లండి. రైలు వంతెనలు బ్యారేజీకి దిగువన, తూర్పు వైపు ఉంటాయి కాబట్టి పొద్దు వాలేటప్పుడు వెలుగంతా బండి మీదే పడుతుంది. పొద్దున్నే వెళ్తే ఎండ ఎదురు కొట్టి రైలు నల్లగా వస్తుంది, అదే కావాలంటే సరే. చెన్నై బళ్లైనా గుంటూరు బళ్లైనా ఇక్కడే నది దాటాలి, అవతల కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర విడిపోతాయి. అందుకే ఎక్కువసేపు ఖాళీగా నిలబడక్కర్లేదు. జూమ్ లెన్స్ మాత్రం ఉండాలి.

గూడ్సు సంగతి వేరు. ఎక్స్‌ప్రెస్ ఎక్కడుందో ఫోన్లో తెలిసిపోతుంది, గూడ్సుకి మనం చూసుకునే టైంటేబుల్ ఏదీ ఉండదు. నన్నడిగితే వందే భారత్ కన్నా ఇదే ఫొటోకి అందం. కాజీపేట లైన్లో కొండపల్లికి టికెట్ తీసుకుని వెళ్లి ప్లాట్‌ఫాం మీద కూర్చోండి, పక్కనే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ఉంది కాబట్టి బొగ్గు రేకులు, అంటే బొగ్గు మోసే గూడ్సు బళ్లు, తగులుతాయి. యాభై ఎనిమిదో తొమ్మిదో వ్యాగన్లు, పైన గుట్టగా బొగ్గు, ఇంజను పక్కన ఐదంకెల నంబరు, ఏ షెడ్డుదో (ఇంజన్ల మరమ్మతులు చూసే చోటు) ఆ ఊరి పేరు. గూడ్సుని లూప్ లైన్లో, అంటే మెయిన్ లైన్ వదిలి పక్క పట్టాల మీద, ఆపారంటే చాలాసార్లు వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందనే అర్థం, కాస్త ఓపిక పడితే రెండూ ఒకే ఫ్రేములో దొరుకుతాయి. సిగ్నల్ పచ్చబడితే బండి వస్తున్నట్టే, కానీ ఆటోమేటిక్ సిగ్నళ్లున్న చోట బండి లేకపోయినా పచ్చగానే ఉంటుంది, అక్కడ ఈ లెక్క పనిచెయ్యదు. ఇంకోటి, నల్లటి వ్యాగన్లు ఫ్రేము నిండితే కెమెరా వెలుతురు చాలట్లేదనుకుని పెంచేస్తుంది, ఆకాశం తెల్లగా పాలిపోతుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి పడే వెలుతురు, కొంచెం తగ్గించుకోండి.

అలికేసినట్టు రావడానికి కారణం షట్టర్ స్పీడే, అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్నది. గంటకు 130 కి.మీ. అంటే సెకనుకు 36 మీటర్లు. 1/250 (సెకనులో 250వ వంతు) పెడితే ఫొటో పడేలోపే బండి 14 సెం.మీ. జరిగిపోతుంది, 1/1000 పెడితే నాలుగు సెం.మీ. లోపే. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (తక్కువ వెలుతుర్లోనూ ఫొటో వచ్చేలా చేసే సెట్టింగు) పెంచండి, ఫొటోలో కొద్దిగా గింజల్లా చుక్కలు వచ్చినా పర్లేదు.

ఇక పోలీసుల సంగతి. ప్లాట్‌ఫాం టికెట్ రెండు గంటలే చెల్లుతుంది, అది జేబులో ఉండాలి. ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు అడిగితే వాదన పెట్టుకోకుండా తీసినవి చూపించండి, వద్దంటే ఆపేయండి. డబ్బుల కోసం చేసే షూటింగైతే ముందే రైల్వే అనుమతి తీసుకోవాలి. పట్టాల మీదికి మాత్రం దిగొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. అసలు భయం అది కూడా కాదు, గూడ్సు మోతలో పక్క లైన్లో వచ్చే బండి చప్పుడు వినపడదు. పై తీగల్లో 25,000 వోల్టులుంటాయి, ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీంచి సెల్ఫీ స్టిక్ బయటికి చాపకండి.

ప్రశ్న: ఫోన్లో తీస్తే వందే భారత్ పెట్టెలు పక్కకి వాలిపోయినట్టు వస్తున్నాయి. ఫోన్ పాడైందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫోన్ బాగానే ఉందమ్మా. దాని సెన్సర్ బొమ్మని ఒక్కసారిగా పట్టదు, వరసగా చదువుకుంటూ పోతుంది, ఆ లోపు బండి జరిగిపోతుంది. పక్కనుంచి తియ్యకుండా కాస్త దూరం జరిగి, ఎదురుగా ఏటవాలుగా వచ్చేటప్పుడు తీస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది. రాత్రిపూట ఫ్లాష్ ఆపేయండి, లోకో పైలట్ కళ్లలో కొట్టకూడదు.