ఫ్యాక్టరీలు రాకముందు బ్రిటన్‌లో జనం హాయిగా బతికేవాళ్ళా?

హాయిగానా? ఇంట్లో మగ్గం ఉన్నవాళ్ళెవరూ ఆ మాట అనరు. మాది మంగళగిరి, నేత కుటుంబం. ఇప్పుడు లీడ్స్‌లో ఉద్యోగం. కొండ మీద రాతి ఇల్లు, ఇంట్లోనే పని, పైన బాస్ లేడు అంటూ రీల్స్ పెట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు హెప్టన్‌స్టాల్ తీసుకెళ్ళాను. యార్క్‌షైర్‌లో కొండ మీది ఊరు, ఒకప్పుడంతా ఉన్ని నేతే. మేడ గోడకు వరసగా ఉన్న కిటికీలు చూడగానే నాన్న "మగ్గం పైన వేసేవాళ్ళన్నమాట, వెలుతురు కోసం" అన్నారు. తర్వాత ఒకటే ప్రశ్నలు. నూలు వడికేదెవరు? ఆడవాళ్ళు. ఒక్క మగ్గానికి అందించాలంటే నలుగురైదుగురు రాట్నం తిప్పాలి. ఉన్ని ఏకడం పిల్లల పని. మరి డబ్బు? గుడ్డ అమ్మాక ఇంటాయన చేతికి. ఏళ్ళ తరబడి కండెలు చుట్టిన మా అమ్మ "ఇక్కడా అంతేనా!" అంది.

నేయడంతో అయిపోదు. జిడ్డు వదలడానికి గుడ్డను ఇళ్ళల్లో పోగుచేసిన పాత మూత్రంలో తడిపేవాళ్ళు. ఆ కంపు రీల్స్‌లో రాదు కదా. నీటితో తిరిగే మిల్లులో దంచాక, ఆరుబయట కొయ్య చట్రాలకు కొక్కేలతో లాగి బిగించి ఆరబెట్టాలి. అక్కడ వాన పడని రోజేది? వానల్లో వీధిలో పడుగు చాపలేక ఊరికే కూర్చున్న రోజులు నాన్నకు గుర్తొచ్చాయి.

సోమవారం పని ఎగ్గొట్టి, దానికి 'సెయింట్ మండే' అని పేరు పెట్టుకున్న మాట నిజమే. శనివారం సంతకు గుడ్డ అందాలి కాబట్టి ఆ బాకీ అంతా వారం చివర రాత్రిళ్ళు తీర్చేవాళ్ళు. ఆ సంత కోసమే 1779లో హాలిఫాక్స్‌లో 315 గదులతో పీస్ హాల్ తెరిచారు. ఇప్పుడక్కడ కాఫీ తాగాలంటే జేబు ఖాళీ.

అన్నట్టు, వాళ్ళ నేతగాళ్ళ ఏడుపులో మన వాటా కూడా ఉంది. మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్ళిన అద్దకం బట్టలకు ఆడవాళ్ళు ఎగబడుతున్నారని, 1719లో లండన్ నేతగాళ్ళు వీధిలో అవి వేసుకున్నవాళ్ళ మీద పడి చింపేశారు. 1721లో పార్లమెంటు ఆ బట్టలు వేసుకోవడాన్నే నిషేధించింది. మా ఆఫీసులో చెబితే ఎవరూ నమ్మరు. 1774లో సడలించారు, అదీ తమ దేశంలో తయారైన నూలు గుడ్డకే.