మీరడిగారు: పన్నెండు మైళ్లు దాటాక ఆకాశం ఎవరిది?

(ఈ నెల జవాబులు: ముంబయిలో సముద్ర గగనతల నియంత్రణ విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసి, ప్రస్తుతం విశాఖ మర్రిపాలెంలో ఉంటున్న విశ్రాంత అధికారి)

ప్రశ్న: మా ఆడపడుచు కూతురిని మారిషస్ తెలుగువాళ్ల ఇంటికి ఇచ్చాం. ఈమధ్య చూడటానికి వెళ్తే అక్కడ పౌర విమానయాన శాఖ బోర్డు కనిపించింది. అంత చిన్న దేశానికి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే విమానాలకు ఒక శాఖ ఎందుకండీ? పెద్ద దేశం ఏదైనా చూసిపెట్టకూడదా?
— ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం

జవాబు: అమ్మా, దేశం చిన్నదే. దూరంగా ఉన్న రాడ్రిగ్స్, అగలేగా దీవులను కలుపుకున్నా సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి మన విశాఖ జిల్లాకు దాదాపు రెండింతలు, అంతే. అయితే ఆ శాఖ కాపలా కాసే ఆకాశాన్ని ఆ నేలతో కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఆకాశాలు రెండు రకాలు. మొదటిది సొంతది. 1944లో షికాగోలో కుదిరిన ఒప్పందం మొదటి అధికరణమే, ప్రతి దేశానికీ తన భూభాగం మీది గగనతలంపై సంపూర్ణ సార్వభౌమాధికారం ఉందని చెబుతుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్ల సముద్రం కూడా ఆ భూభాగంలోకే వస్తుంది. మన రామకృష్ణా బీచ్‌లో నిలబడి చూస్తే హోరిజన్ మీద చుక్కల్లా కనిపించే ఓడల కన్నా మరికొంచెం అవతలికి, అంతవరకే. ఆ తర్వాత ఆకాశం ఏ దేశానిదీ కాదు.

ఎవరిదీ కాదని వదిలేస్తే విమానాలు ఒకదానికొకటి ఎదురుపడతాయి. అందుకని మాంట్రియల్‌లోని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ద్వారా దేశాలన్నీ ప్రపంచ ఆకాశాన్ని వాటాలు వేసుకున్నాయి. ఒక్కో వాటాను ఎఫ్‌ఐఆర్ అంటారు. పోలీసు స్టేషన్‌లో రాసేది కాదు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ రీజియన్. ఇది రెండో ఆకాశం. ఇక్కడ యాజమాన్యం ఉండదు, చాకిరీ మాత్రం ఉంటుంది. హిందూ మహాసముద్రం మధ్యలో ఉండటం వల్ల మారిషస్ వాటాకు నేల కన్నా ఎన్నో వందల రెట్లు సముద్రం వచ్చింది. ఉత్తరాన అది మా ముంబయి వాటాకు ఆనుకుని ఉంటుంది.

ఆ సరిహద్దు దగ్గర పని ఎలా ఉండేదో చెప్తాను. నడిసముద్రం మీద విమానం తీరంలోని రాడార్‌కు అందదు. మేము కళ్లతో కాదు, కాగితంతో చూసేవాళ్లం. ఒక్కో విమానానికీ ప్లాస్టిక్ పట్టీలో దూర్చిన సన్నని కాగితం ముక్క ఉండేది. దాన్ని స్ట్రిప్ అనేవాళ్లం. పైలట్ చాలా దూరానికి అందే హెచ్‌ఎఫ్ రేడియోలో, వానాకాలం గరగరల మధ్య, తాను ఏ బిందువు దాటాడో, ఎన్ని గంటలకు దాటాడో, ఎంత ఎత్తున ఉన్నాడో, తర్వాతి బిందువుకు ఎప్పుడు చేరతాడో చెప్పేవాడు. మేము ఆ సమయాలను స్ట్రిప్ మీద రాసుకుని, ఒకే ఎత్తులో వెనకా ముందూ వెళ్లే రెండు విమానాల మధ్య పది నిమిషాల ఎడం ఉందో లేదో లెక్కకట్టేవాళ్లం. పది నిమిషాలంటే దాదాపు 150 కిలోమీటర్లు. ఇప్పుడు ఉపగ్రహం ద్వారా సందేశాలు వస్తున్నాయి కాబట్టి కొత్తగా చేరినవాళ్లకు ఆ గరగరల బాధ చాలావరకు తప్పింది. నాకు మాత్రం కుడిచెవి కొంచెం మందగించింది.

విమానం సరిహద్దుకు రాకముందే ఫోన్ లైనులో మారిషస్‌లోని ప్లైజాన్స్ కేంద్రానికి అప్పజెప్పాలి. ఒక రాత్రి అటు మాట్లాడుతున్నాయన, పని మాటలు అయ్యాక, నాది ఏ ఊరని అడిగాడు. విశాఖపట్నం అన్నాను. "అయితే ఒక సందేహం తీర్చండి. మా ఇంటిపేరు అప్పడు. దానికి అర్థం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు" అన్నాడు ఇంగ్లిషులో. నాకు నవ్వాగలేదు. మా విమానాశ్రయం పక్కనున్న కొండే సింహాచలం అనీ, అక్కడి స్వామి అప్పన్న అనీ, ఆయన పేరున మా ఊళ్లలో అప్పడు, అప్పలరాజు, అప్పలనాయుడు వీధికి నలుగురుంటారనీ చెప్పాను. కోరంగి, విశాఖ రేవుల నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల మనవలు ఆ దేశంలో విమానాలను నడిపిస్తున్నారు. మీ బంధువులను అడగండి, అక్కడ సింహాద్రి అప్పన్న పూజ ఇప్పటికీ చేస్తారు.

ఇక శాఖ సంగతి. మారిషస్‌కు 1974 నాటి పౌర విమానయాన చట్టం, దాని వెంట 2007 నాటి నిబంధనలు ఉన్నాయి. పైలట్ లైసెన్సు, విమానం ఎగరడానికి పనికివస్తుందన్న ధ్రువపత్రం, విదేశీ సంస్థలకు అనుమతి, అన్నీ ఆ శాఖ చేతిలోవే. మన విమానాల మీద దేశపు గుర్తుగా వీటీ అని ఉన్నట్టే వాళ్ల వాటి మీద 3బీ అని ఉంటుంది. మొత్తం విమానాలు పదో ఇరవయ్యో అయినా, రెండు వందలున్న దేశం రాసుకున్నన్ని నిబంధనలూ రాసుకోవలసిందే. చిన్న దేశమని ఎవరూ రాయితీ ఇవ్వరు.

నాకు నచ్చని విషయం ఒకటుంది. అక్కడ నిబంధనలు అమలు చేసేదీ, కంట్రోల్ కేంద్రంలో కూర్చుని విమానాలను నడిపించేదీ ఒకే శాఖ. పరీక్ష రాసేవాళ్లూ దిద్దేవాళ్లూ ఒకే ఇంటివాళ్లయినట్టు. మన దగ్గర తనిఖీ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ)ది, నియంత్రణ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. అలాగని మనం మురిసిపోనక్కరలేదు. తగినంతమంది తనిఖీ అధికారులు లేరని 2014 జనవరిలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ మన దేశాన్ని భద్రతా తనిఖీలో రెండో శ్రేణికి దించింది. 2015 ఏప్రిల్‌లో గానీ తిరిగి ఎక్కించలేదు. వంద కోట్లు దాటిన జనాభాలో మనకే మనుషులు చాలకపోతే, పదమూడు లక్షలైనా లేని దేశాన్ని తప్పుపట్టడానికి నోరు రాదు.

పెద్ద దేశం చూసిపెట్టకూడదా అన్నారు. చూసిపెట్టేచోట్లు ఉన్నాయి. పసిఫిక్‌లోని నౌరు 21 చదరపు కిలోమీటర్ల దేశం. దాని పైఎత్తు గగనతలాన్ని ఒప్పందం మీద ఆస్ట్రేలియా సంస్థ బ్రిస్బేన్ నుంచి నడుపుతుంది. టువాలు మీది ఆకాశం ఫిజీలోని నాందీ కేంద్రం వాటాలో ఉంది. ఆ చుట్టుపక్కల పలు దీవి దేశాలు కలిసి వనువాటు రాజధాని పోర్ట్ విలాలో ఒక ఉమ్మడి భద్రతా కార్యాలయం పెట్టుకుని, తనిఖీ అధికారులను వంతులవారీగా వాడుకుంటాయి. ఒక్కొక్కరూ ఎద్దు కొనలేనప్పుడు అందరూ కలిసి కాడి కట్టుకోవడం మన రైతుకు తెలిసిన పద్ధతే. మారిషస్‌కు ఆ అవసరం రాలేదు.

ప్రశ్న: మన విశాఖలో టవర్ నుంచి మాట్లాడేది నౌకాదళం వాళ్లా, మామూలు ఉద్యోగులా?
— ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: నౌకాదళం వాళ్లే. మన విమానాశ్రయం ఉన్నది ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలో. ప్రయాణికుల భవనం మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. 2014లో హుద్‌హుద్ పైకప్పు లేపేసింది ఆ భవనానిదే.

ప్రశ్న: మారిషస్ వాటా ఆకాశంలో విమానం కూలితే దర్యాప్తు మారిషస్ చేస్తుందా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: మొదటి ఆకాశమా, రెండోదా అన్న దాన్ని బట్టి ఉంటుంది బాబూ. సొంత భూభాగంలో పడితే దర్యాప్తు ఆ దేశానిది. అంతర్జాతీయ జలాల్లో పడితే విమానం ఏ దేశంలో నమోదైందో ఆ దేశానిది.

1987 నవంబర్ 28 తెల్లవారుజామున తైపే నుంచి మారిషస్ వస్తున్న సౌత్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747, హెల్డర్‌బర్గ్, పొగ వస్తోందని ప్లైజాన్స్‌కు చెప్పింది. ప్రయాణికుల వెనక ఉన్న సరుకుల భాగంలో నిప్పంటుకుంది. సుమారు పావుగంట మాట్లాడాక ఆ గొంతు ఆగిపోయింది. 159 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఆఖరి మాట విన్నది మారిషస్, విచారణ చేసింది దక్షిణాఫ్రికా, ఎందుకంటే విమానం కూలింది దీవికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో. కాక్‌పిట్ మాటల రికార్డర్‌ను నాలుగు వేల మీటర్లకు పైగా లోతు నుంచి 1989లో పైకి తీశారు. నిప్పు దేనివల్ల పుట్టిందో న్యాయమూర్తి సెసిల్ మార్గో కమిషన్ తేల్చలేకపోయింది.

నేల మీద దొరికినా ఒక్కోసారి అంతే. 2016లో రాడ్రిగ్స్ దీవి తీరానికి ఒక పలక ముక్క కొట్టుకొచ్చింది. 2014లో మాయమైన మలేసియా విమానం ఎంహెచ్370 లోపలి గోడదని, పైనున్న అలంకారపు పూతను బట్టి ఆస్ట్రేలియాలో దాదాపు నిర్ధారించారు. దర్యాప్తు మలేసియాది కాబట్టి మారిషస్ ఆ ముక్కను వాళ్లకు అప్పగించింది.