కుడి నుంచి రెండో తదితరుడు

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆర్నెల్లుగా రిబ్బన్ కటింగులు, పదవీ విరమణ సభలు, గుంతల రోడ్లు తప్ప ఇంకేమీ తీయలేదని, నీతోపాటు చేరినవాడు అప్పుడే పెద్ద పెద్ద వాళ్ల వెనక పరిగెడుతున్నాడని రాశావు. లోకల్ పేజీలో పడి కెమెరాకి తుప్పు పడుతోందన్నావు. నాకు నవ్వొచ్చింది. నీ వయసులో నేనూ దాదాపు ఇవే మాటలతో మా సీనియర్ బుర్ర తిన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు ఇంకో రిబ్బన్ కటింగ్‌కి పంపాడు.

లోకల్ వార్తల్లో ఏమీ దక్కదని నేననను. దక్కుతుంది. నువ్వు గురిపెట్టిన చోట మాత్రం దక్కదు, అనుకున్న రోజున చేతికి రాదు. నా మటుకు నాకు చాలాసార్లు అది ఫ్రేము మూలన, నేను పట్టించుకోకుండానే పడిన దాంట్లో దొరికింది.

ఒక వానాకాలం సంగతి చెప్తాను. అండర్‌పాస్ కింద నీళ్లు నిలిచాయని మా పేపర్ డెస్క్ నుంచి ఫోన్. ఏటా తీసే ఫొటోనే. సగం మునిగిన కారు, దాన్ని తోస్తున్న ఇద్దరు మనుషులు. జూమ్ లెన్స్‌తో కారును దగ్గరగా లాగి నాలుగు తీశాను. తిరిగి వచ్చేస్తూ, ఎందుకో మరి, వైడ్ లెన్స్ తగిలించి గోడలతో సహా మొత్తం వచ్చేలా ఒకటి కొట్టాను. పేపర్లో కారు ఫొటో డబుల్ కాలమ్‌లో పడింది. మర్నాటికి నేనే మర్చిపోయాను.

మూడేళ్ల తర్వాత ఒక ఇంజినీరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అక్కడి డ్రైనేజీ మార్చాలా వద్దా అన్న దగ్గర పేచీ పడిందట. మోకాలి లోతుకు మించి నీళ్లు రావని కొందరు, మనిషి మునుగుతాడని కొందరు. ఎవరి దగ్గరా కొలత లేదు. నా వైడ్ ఫొటోలో గోడ రాళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నీటి గీతకు పైన ఎన్ని వరసలున్నాయో ఆయన లెక్కపెట్టుకున్నాడు, అక్కడికెళ్లి టేపు పెట్టి కొలిచాడు. నేను అంత కష్టపడి తీసిన కారు వైపు ఆయన చూడను కూడా చూడలేదు.

నేను పొంగిపోతూ ఉండగానే ఇంకో ప్రశ్న వేశాడు. 'ఇది ఎన్నింటికి తీశారు?' వాన ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గిందో ఆయన దగ్గర లెక్కుంది, ఫొటో టైమ్ దానితో సరిపోవాలి. ఫైల్ తెరిచి చూస్తే తెల్లవారుజామున 3 గంటలని ఉంది. ఫొటోలో పట్టపగలు! కెమెరా గడియారం ఎప్పుడో తప్పింది, నేను పట్టించుకోలేదు. చివరికి ఆఫీసుకు ఫొటోలు పంపిన మెయిల్ టైమ్ చూసి ఎలాగో సర్దుకున్నాం. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. నెలకోసారి కెమెరా టైమ్‌ని ఫోన్‌తో సరిచూసుకుంటాను. నువ్వూ ఈ ఉత్తరం పక్కన పెట్టి ఒకసారి చూసుకో, తర్వాత చదువుదువుగానీ.

పేరు మోసిన ఫొటోలు కూడా కొన్ని ఇలా దారిలో తగిలినవే. 1967 జులైలో అమెరికాలోని జాక్సన్‌విల్‌లో రాకో మొరబీటో అనే లోకల్ పేపర్ ఫొటోగ్రాఫర్ ఇంకో పని మీద కారులో వెళ్తున్నాడు. కరెంటు షాక్ కొట్టిన లైన్‌మన్ ఒకడు స్తంభం మీద తలకిందులుగా వేలాడుతున్నాడు. మొరబీటో గబగబా ఒక ఫొటో తీసి, కారు దగ్గరికి పరిగెత్తి రేడియోలో అంబులెన్స్‌కి చెప్పాడు. తిరిగి వచ్చేసరికి తోటి లైన్‌మన్ పైకెక్కి అతని నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదుతున్నాడు. లోకం గుర్తుపెట్టుకున్నది ఆ ఫొటోని. 1968లో పులిట్జర్ వచ్చింది, అమెరికాలో పత్రికలవాళ్లకిచ్చే పెద్ద బహుమతి అది. లైన్‌మన్ బతికాడు. మధ్యలో అంబులెన్స్‌కి చెప్పడానికి పరిగెత్తడం వల్ల ఆయనకు ఫొటో ఏమీ తప్పిపోలేదని నువ్వు గమనించాలి.

అన్నీ ఇంత శుభంగా ముగియవు. 1975 జులై 22న బోస్టన్‌లో స్టాన్లీ ఫోర్‌మన్ అనే పేపర్ ఫొటోగ్రాఫర్ ఆ రోజుకి పని ముగించుకుని ఇంటికి బయల్దేరబోతుండగా అగ్నిప్రమాదం కబురొచ్చింది. నిచ్చెన మీంచి మనుషుల్ని దింపుతారు, అది తీసుకుందామని వెళ్లాడు. అలాంటివి అంతకుముందు ఎన్నో తీసి ఉంటాడు. ఆయన చూస్తుండగానే భవనం వెనక ఉన్న ఇనప మెట్లు ఊడిపోయి ఒక యువతి, ఒక చిన్నపిల్ల గాలిలో పడిపోతున్నారు. వేలు బటన్ మీదే ఉంది, వరసగా ఫొటోలు లాగే మోటర్ డ్రైవ్ తిరుగుతూనే ఉంది. వాళ్లు నేలను తాకేది చూడలేక చివరికి పక్కకు తిరిగిపోయానని ఆయనే తర్వాత చెప్పాడు. యువతి చనిపోయింది, పిల్ల బతికింది. ఆ ఫొటోలు చూశాక అలాంటి మెట్ల తనిఖీ గురించి బోస్టన్‌లో, ఇంకా ఇతర చోట్ల నిబంధనలు గట్టిపడ్డాయి. ఆయనకు 1976లో పులిట్జర్ వచ్చింది. దాన్ని ఆయన అదృష్టం అనేవాళ్లతో నాకు పడదు. బహుమతి తీసుకున్న మనిషి ఆ పక్కకు తిరిగిన క్షణాన్ని కూడా ఇంటికి తీసుకెళ్లాడు. నీకూ ఎప్పుడో ఒకప్పుడు అలాంటిది తగలొచ్చు. తగలకపోతే మరీ మంచిది.

ఇక నీ సభలూ సన్మానాల సంగతి. కాస్త ముందు వెళ్లు, అందరూ వెళ్లిపోయాక కాసేపు ఉండు. కుర్చీలు మడతపెట్టేవాళ్లు స్టేజీ మీదివాళ్ల కంటే ఫొటోలో బాగా పడతారు. పనికిరావనిపించిన ఫైళ్లను వెంటనే డిలీట్ చేయకు. అయినా చాలా రోజులు ఉత్తి చేతులతోనే తిరిగొస్తావు, దానికి మందు లేదు.

క్యాప్షన్ మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయి. అక్కడ 'తదితరులు' అనే మాటొకటి ఉంది, నాలాంటి బద్ధకస్తుల పాలిట కల్పవృక్షం. ఒకసారి ఓ పదవీ విరమణ సభ ఫొటో కింద ముగ్గురు ముఖ్యుల పేర్లు రాసి మిగతావాళ్లని దాంట్లో కలిపేశాను. మర్నాడు ఒక పెద్దాయన ఫోన్ చేశాడు.

'బాబూ, మీ ఫొటోలో కుడి నుంచి రెండో తదితరుణ్ణి నేనే.'

తిడతాడనుకున్నాను. ఒక ప్రింటు కావాలన్నాడు, అంతే. పదవీ విరమణ తనదేనట. దండ వేయించుకున్న మనిషి పేరే నేను రాయలేదు! సిగ్గుతో ప్రింటు పట్టుకుని నేనే ఇంటికి వెళ్లాను. ఆయన ఒక పాత ప్రింటింగ్ ప్రెస్‌లో నలభై ఏళ్లు మెషిన్ నడిపాడు. ఆ సాయంత్రం ఎంతసేపు మాట్లాడాడో లెక్కలేదు. అక్కడ్నుంచి ఊళ్లో ఏది మూతపడుతున్నా, ఎవరు అలిగి కూర్చున్నా మా రిపోర్టర్ల కంటే ముందు నాకు ఆయన దగ్గర్నుంచే కబురొచ్చేది.

కొన్నేళ్లకు ఒక రాత్రి ఫోన్ చేసి, 'పొద్దున ఆరింటికి ప్రెస్ దగ్గరికి రా, ఎవరికీ చెప్పకు' అన్నాడు. ఆ మెషిన్‌ని ఆఖరిసారి తిప్పి ఆపేస్తున్నారు. పాత పనివాళ్లు ఆరుగురు వచ్చారు. ఉపన్యాసాల్లేవు, రిబ్బన్ లేదు. ఆగిపోయాక కూడా చక్రం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డారు. అక్కడ కెమెరా ఉన్నది నా ఒక్కడి దగ్గరే.

డెస్క్ ఆ ఫొటోని సింగిల్ కాలమ్‌కి కోసింది, పక్కన ఏదో ప్రకటన వచ్చిందట. ఆరుగురూ ఇరుక్కుని కనిపిస్తారు. కింద క్యాప్షన్ ఫొటో కంటే పొడుగు. ఆరుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా ఉన్నాయి, తదితరులు లేరు.

ఇట్లు,
మీ అన్నయ్య