వాలంటీర్లకు లీడర్‌షిప్ ట్రైనింగా? ముందు నిద్రపోయే లీడర్‌ని వెతుక్కోండి

"మా అపార్ట్‌మెంట్ వాలంటీర్లకు లీడర్‌షిప్ ట్రైనింగ్ పెడదామనుకుంటున్నాం. సిలబస్ ఎలా ఉండాలి, బయటి ట్రైనర్‌ని పిలవాలా, సర్టిఫికెట్లు ఇవ్వాలా" అని అడిగారు. ట్రైనర్‌ని పిలవకండి. మేం పిలిచాం, ఆ అనుభవంతోనే చెప్తున్నా.

మాది చెన్నైలో వేలచ్చేరి, 96 ఫ్లాట్లు. 2015 డిసెంబర్‌లో, తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్ల వాన పడినప్పుడు, మేం పడ్డ పాట్లు అసోసియేషన్ వాళ్లకి ఎనిమిదేళ్లకి గుర్తొచ్చాయి. 2023 ఎండాకాలంలో రెండు రోజుల శిక్షణ పెట్టించారు. పేపర్ కప్పులతో గోపురం కట్టించారు. కళ్లకు గంతలు కట్టి నడిపించారు. అంతా ఇంగ్లీషే కాబట్టి వాచ్‌మనూ, పనివాళ్లూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. కేంద్రం 2016లో మొదలుపెట్టిన ఆపద మిత్ర పథకంలో, విపత్తులప్పుడు సాయపడే వాలంటీర్లకి 12 రోజులు శిక్షణ ఇస్తారు. మాకేమో భోజనాలకీ ఫొటోలకీ పోగా మిగిలిన ఒకటిన్నర రోజులోనే నాయకత్వం వచ్చేసింది! నాకు 'బ్లాక్ లీడర్' అని బంగారు అంచు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

(బాపట్లలో మా పిన్నికి ఫోన్ చేసి చెప్తే, "వాలంటీరువా? నెలకెంతిస్తారే?" అంది. 2019లో అక్కడ 50 ఇళ్లకో వాలంటీరుని పెట్టి నెలకి 5000 ఇచ్చిన దగ్గర్నుంచీ ఆ మాటకి మావైపు అర్థమే మారిపోయింది.)

ఇక ఆ 2023 డిసెంబర్ 4. మిచౌంగ్ తుపాను. పొద్దున లేచేసరికి కింద నడుంలోతు నీళ్లు, సంపులో మురుగు, కరెంటు లేదు, లిఫ్టు లేదు. బ్లాక్ లీడర్‌ని నేనేం చేస్తున్నాను? ఐదో అంతస్తు మెట్ల మీద కూర్చుని గ్రూపులో మెసేజ్‌లు పెడుతున్నా. "అందరూ క్షేమమేనా? రిప్లై ఇవ్వండి." సిగ్నల్ లేదు. మెసేజ్ పక్కన గడియారం బొమ్మ తప్ప ఇంకేం కనబడలేదు. అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నానంటే నమ్ముతారా?

అప్పుడు రెండో అంతస్తు స్టేషన్ మాస్టారు పైకొచ్చారు. గూడూరు ఆయన, రిటైరై చాలా ఏళ్లయింది. ట్రైనింగుకి పిలిస్తే "నాకెందుకమ్మా" అని తప్పించుకున్న మనిషి. చంకలో పొడుగు నోటుబుక్కు, చేతిలో టార్చి. "అమ్మాయ్, ఆ ఫోను లోపల పెట్టి ఒక్కో తలుపూ కొట్టుకుంటూ రా. ఎంతమంది ఉన్నారు, తాగే నీళ్లెన్ని, మందులేంటి, అంతే అడుగు. కబుర్లొద్దు" అన్నారు. మధ్యాహ్నానికి బ్లాకు మొత్తం నాలుగు పేజీల్లోకి వచ్చేసింది.

సాయంత్రం ఆరింటికి ఆయన పుస్తకం మూసి, మూడో అంతస్తు కుర్రాడికిచ్చి "చార్జి ఇచ్చాను, చదివి సంతకం పెట్టు" అన్నారు. ఆ పిల్లాడు బీకాం చదువుతున్నాడు. ట్రైనింగులో రెండు రోజులూ నోరు విప్పలేదు, వాడికి సర్టిఫికెట్ కూడా పేరు తప్పు పడి వచ్చింది. సంతకం పెట్టించుకుని మాస్టారు వెళ్లి పడుకున్నారు! నాకు ఒళ్లు మండిపోయింది. ఊరు మునుగుతుంటే నిద్రేంటండీ అని మొహం మీదే అడిగేశా. "డ్యూటీ మారేటప్పుడు లైన్లో ఏముందో డైరీలో రాసి, వచ్చినవాడు చదివి సంతకం పెట్టాకే కదలాలి. పెట్టాక ఇక నిలబడకూడదు. నిలబడితే వాడు నా మొహం చూస్తాడు గానీ లైను చూడడు" అన్నారు.

రాత్రి ఆ కుర్రాడు పేజీలు తిరగేస్తుంటే '4సి, ఇన్సులిన్, ఫ్రిజ్ ఆగింది' అన్న నా రాత కంటబడింది. రాసింది నేనే, మర్చిపోయిందీ నేనే. వాడు పక్కింట్లో మట్టికుండ అడిగి తెచ్చి, అడుగున కాసిని నీళ్లు పోయించి, మందుని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అందులో దించాడు, పైన తడిగుడ్డ కట్టాడు. ఎవర్నీ లేపలేదు. ఏం చేశాడో పుస్తకంలో ఒక లైను రాశాడంతే. మాస్టారు పొద్దున్నే అది చదివి, "ఊఁ" అని కింద సంతకం పెట్టారు.

ఐదో తారీఖున ఆ తుపాను సరిగ్గా మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా అమ్మకి ఫోన్ కలవక నేను ఆ రోజు ఎందుకూ పనికిరాలేదు. పుస్తకం ఇంకొకరి చేతిలో ఉంది కాబట్టి ఎవరికీ లోటు తెలియలేదు.

మీ సిలబస్ సంగతి. ఇప్పుడు మేం మూడు ఆదివారాలు పెడుతున్నాం. మొదటి వారం ఒక్కొక్కరికీ 12 ఫ్లాట్లిచ్చి పుస్తకం పట్టుకుని తిరిగి రమ్మంటాం. రెండో వారం సంపు కడిగే పని అప్పజెప్పి, సగంలో లీడర్‌ని ఇంటికి పంపేస్తాం, చార్జి రాసిచ్చి పోవాలి. మూడో వారం కొత్తవాళ్లే అంతా నడుపుతారు, పాతవాళ్లు మాట్లాడకూడదు. ఇదే కష్టం. మా సెక్రటరీ గారు పది నిమిషాలు కూడా ఆగలేరు. ఆయన్ని కాఫీ తెమ్మని విజయనగర్ బస్టాండు దాకా పంపిస్తుంటాం. వాచ్‌మన్‌కి తమిళంలోనే చెప్తాం, పుస్తకంలో ఎవరికొచ్చిన భాషలో వాళ్లు రాస్తారు.

సర్టిఫికెట్లకి పెట్టే డబ్బుతో గట్టి అట్ట ఉన్న పొడుగు పుస్తకాలు కొనండి. పెన్నులు బాల్‌పాయింటువే తీసుకోండి. జెల్ పెన్నుతో రాసిన నా మొదటి పేజీ తడిసి, ఎవరింట్లో ఎంతమందో ఇప్పటికీ చదవడానికి రాదు.