‘గాసిరి’ పాటలో ఆ పల్లవి ఎందుకుంది?

పాత కొరియన్ పాట ‘గాసిరి’లో, ప్రియుడు వెళ్లిపోతున్నాడని కుమిలిపోయే స్త్రీ ప్రతి చరణం చివర ‘మహా శాంతియుగం’ అనడం పొసగడం లేదనీ, అనువాదం తప్పేమోననీ అడిగారు. తప్పు లేదు, కొరియన్ మూలంలోనే అలా ఉంది. అయితే ఆ మాట ఆమెది కాదు.

కొరియాను గోర్యో వంశం ఏలిన కాలంలో (918–1392) జనం నోట నడిచిన ఇలాంటి పాటలను తర్వాత ఆస్థాన సంగీతంలోకి తీసుకున్నారు. పాలనను పొగిడే ఆ పల్లవిని అప్పుడే అతికించారని పండితులు చెబుతారు. 1446లో కొరియన్ లిపి హంగుల్ వెలువడ్డాక రాతకెక్కిన ఆస్థాన రూపమే మనకు మిగిలింది.

పల్లవిని పెన్సిలుతో కొట్టేసి మళ్లీ చదవండి. మూడో చరణం దగ్గర కాసేపు ఆగండి. పట్టి ఆపాలనే ఉంది, కానీ మనసు నొచ్చుకుని మళ్లీ రారేమో అంటుంది. నా దృష్టిలో పాట ప్రాణమంతా ఆ భయంలోనే ఉంది. చివరికి ఆమె కోరేది ఒక్కటే: ఎలా వెళ్తున్నారో అలాగే తిరిగి రండి. ‘రండి’ అనే ఆ గౌరవవాచకం మూలంలోనూ ఉంది.

తర్వాత గోర్యో కాలపు మరో ఎడబాటు పాట ‘సోగ్యోంగ్ బ్యోల్గోక్’ చదవండి. సోగ్యోంగ్ అంటే నేటి ప్యోంగ్యాంగ్. ఆ పాటలోని స్త్రీ నేతపని వదిలేసి వెంట వస్తానంటుంది. రాతి మీద పడి పూసలు పగిలినా దారం తెగుతుందా అని అడుగుతుంది. ప్రియుణ్ణి తీసుకెళ్లే తేదోంగ్ నది పడవవాడి మీద మండిపడుతుంది. అక్కడి పల్లవికి అర్థం వెతకకండి, అది వాద్యధ్వనికి అనుకరణ.