మీలో ఎవరైనా ‘మీలో’ చూశారా? నేను చూశాను

ప్రశ్న: “హైతీ దేశంలో మీలో అనే చిన్న ఊరు ఉందట. దాని చరిత్ర, భౌగోళికం గురించి తెలిసినవాళ్ళు చెబుతారా? మీలో ఎవరైనా అక్కడికి వెళ్ళారా?”

తెలిసి రాశారో తెలియక రాశారో గానీ, ఆ చివరి వాక్యం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. 2010లో మా అమ్మకి ఫోన్ చేసి “మీలోకి వెళ్తున్నానమ్మా” అంటే, “మాలోకా? మాలో ఎవరింటికిరా?” అంది. ఫ్రెంచి స్పెల్లింగులో చివర ఒక ‘టి’ ఉంటుంది, దాన్ని పలకరు. మా అమ్మకి ఆ సంగతి చెప్పేసరికి కార్డులో డబ్బులు అయిపోయాయి.

నేను న్యూజెర్సీలో ఫిజియోథెరపిస్టుని. 2010 జనవరి 12న హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్ దగ్గర 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. రాజధానిలో ఆసుపత్రులు కూడా కూలిపోయాయి. ఉత్తరాన మీలోలో ఉన్న ఆసుపత్రికి ఏమీ కాలేదు. దాంతో దెబ్బలు తగిలినవాళ్ళని హెలికాప్టర్లలో తెచ్చి ఆ ఊరి ఫుట్‌బాల్ మైదానంలో దించారు. పడకలు చాలక బయట పెద్ద పెద్ద టెంట్లు వేశారు. కాళ్ళూ చేతులూ తీసేసినవాళ్ళు ఎక్కువ కాబట్టి మాలాంటివాళ్ళ అవసరం పడింది. మార్చిలో మూడు వారాలు సెలవు పెట్టి వెళ్ళాను. అంతకుముందు హైతీ మ్యాపులో ఎక్కడుందో కూడా సరిగ్గా చెప్పలేకపోయేవాణ్ణి.

వెళ్ళేముందు రెండు వారాలు కారులో సీడీలు పెట్టుకుని ఫ్రెంచి నేర్చుకున్నాను. శుద్ధ దండగ. హైతీలో ఫ్రెంచి మాట్లాడతారని ఇంటర్నెట్‌లో రాసేవాళ్ళని ఒకసారి మీలో బజారులో నిలబెట్టి అరటిపళ్ళు కొనమనాలి. చదువుకున్న కొద్దిమందికే ఫ్రెంచి వస్తుంది, అందరి భాషా క్రెయోల్. 1987 రాజ్యాంగం దాకా దాన్ని అధికార భాషగా కూడా ఒప్పుకోలేదు. ఇంకో విషయం. నేను మా ఇంట్లోనే అందరికన్నా నలుపు. పెళ్ళిచూపుల్లో రెండుసార్లు ఆ మాట విన్నవాణ్ణి. మీలో వీధిలో అడుగుపెట్టగానే పిల్లలు వెంటపడి “బ్లాన్! బ్లాన్!” అని కేకలు. బ్లాన్ అంటే తెల్లవాడు! తర్వాత తెలిసింది, అక్కడ బయటిదేశంవాడు ఎవడైనా బ్లానేనట. ఈ ముక్క మా ఆవిడకి చెబితే ఇప్పటికీ నమ్మదు.

సరే, భౌగోళికం అడిగారు కదా. హైతీ ఉత్తరపు ఒడ్డున కాప్ ఐసియెన్ అనే రేవు పట్నం ఉంది. అక్కడివాళ్ళు ఓకాప్ అంటారు. అక్కడినుంచి దక్షిణంగా దాదాపు 20 కిలోమీటర్లు వెళ్తే మీలో. దారంతా బల్లపరుపు నేల, చెరుకు, అరటి, మామిడి. కాసేపు తెనాలి నుంచి రేపల్లె వెళ్తున్నానా అనిపించింది. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఈ మైదానమే ప్రపంచానికి పంచదార పోసింది, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల రెక్కలతో. 1791 ఆగస్టులో ఆ బానిసలు తిరగబడి తోటల్ని తగలబెట్టింది కూడా ఈ మైదానంలోనే. మీలో కూడా అప్పట్లో ఒక దొరగారి ఎస్టేటే.

మైదానం అయిపోయి కొండలు లేచే చోట, సరిగ్గా ఆ అతుకు మీద ఉంటుంది ఊరు. అక్కడ్నుంచి ఇక అన్నీ కొండలే. “కొండ వెనక కొండ” అని వాళ్ళకో సామెత. ఊరు చూడటానికి పావుగంట చాలు. పెద్ద వీధి, ఆసుపత్రి, బజారు, పైకి వెళ్తే హెన్రీ క్రిస్టోఫ్ అనే ఒకప్పటి రాజుగారి పాడుబడ్డ మేడ, దాని పక్కనే గుండ్రటి గోపురంతో తెల్లటి చర్చి. నేను చూసిన ఆ గోపురం ఇప్పుడు లేదు. 2020 ఏప్రిల్‌లో మంటలంటుకుని కూలిపోయింది. ఎవరో వాట్సాప్‌లో ఫోటో పెడితే మా నాన్న పోయినప్పటి లాగే ఆ పూట అన్నం సయించలేదు. మరీ ఎక్కువ అనుకుంటారేమో, నాకు నిజంగానే అలా అయింది.

తిండి గురించి ఒక్క మాట. అమ్మ పంపిన ఆవకాయ సీసా ఎయిర్‌పోర్టులో తీసి చెత్తబుట్టలో వేశారు. అది సీలు వేసిన సీసా! ఎంత చెప్పినా వినలేదు. ఆ బాధలో వెళితే అక్కడ పిక్లీజ్ అని, క్యాబేజీ, క్యారెట్టు సన్నగా తరిగి మంట మిరపకాయతో వెనిగర్‌లో ఊరబెట్టిన పచ్చడి పెట్టారు. ప్రాణం లేచొచ్చింది. ఉత్తరాన కోడికూరలో జీడిపప్పు వేస్తారు, పలాసవాళ్ళు కూడా మెచ్చుకునేటట్టు. బెల్లాన్ని రాపాదూ అంటారు, తాటాకు లాంటి ఆకులో పొడుగ్గా చుట్టి అమ్ముతారు.

ఇక అసలు సంగతి. టెంట్‌లో నా పేషెంట్లలో ఒకాయన మేస్త్రి. పోర్టో ప్రిన్స్‌వాడు, యాభై దాటి ఉంటాయి. అక్కడ పనివచ్చిన మేస్త్రిని ‘బోస్’ అంటారు కాబట్టి నేనూ బోస్ అనే పిలిచేవాణ్ణి. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. రోజూ వెళ్ళి ఎలా ఉన్నావని అడిగితే “పా పీ మాల్” అనేవాడు, అంటే ‘నిన్నటికన్నా అధ్వానంగా లేను’ అని. అంతే, ఇక మాట్లాడడు, వ్యాయామం చెయ్యడు. కాలు తీసేసిన చోట వాపు తగ్గి మిగిలిన మొండికాలు సన్నబడితే తప్ప కృత్రిమ కాలు అమర్చడం కుదరదు. అందుకని గుడ్డ బిగించి కట్టి, రోజూ టేపుతో చుట్టుకొలత తీసుకోవాలి. ఆయన కట్టు ఊడదీసి పక్కన పడేసేవాడు.

ఒకరోజు మాకు మాటలు తర్జుమా చేసే కుర్రాడితో చాలాసేపు ఏదో చెప్పాడు. విషయమేమిటంటే, ఆయన కాలు మీద పడ్డ ఇల్లు ఆయన కట్టుకున్నదే. సిమెంటు బస్తాలు కొనలేక సగం వేశాడు, సన్న ఊచలు వాడాడు, పైన మాత్రం బరువైన స్లాబు పోశాడు. “అందరమూ అలాగే కట్టాం” అన్నాడట. తర్వాత తలగడ కింద నుంచి 100 గూర్దుల నోటు తీసి చూపించాడు. ఒకవైపు హెన్రీ క్రిస్టోఫ్ బొమ్మ, రెండోవైపు సిటడెల్ కోట. “ఇది ఈ ఊరి కొండమీదే ఉందట. 1842లో పెద్ద భూకంపం వచ్చి ఓకాప్ పట్నమూ, కింద రాజుగారి మేడా కూలాయట. పైన కోట మాత్రం నిలబడిందట. నువ్వు ఆదివారం వెళ్తావట కదా. గోడ మందం ఎంతో కొలుచుకు రా.”

ఆదివారం గుర్రం మీద వెళ్ళాను. ఇక్కడ ఒక హెచ్చరిక. గుర్రం అద్దెకి మాట్లాడుకుంటే ఒకడు ముందు తాడు పట్టుకు లాగుతాడు, ఇంకొకడు వెనకనుంచి తోస్తాడు, దిగాక ఇద్దరూ విడివిడిగా డబ్బులడుగుతారు. బేరం ముందే తేల్చుకోండి. రాళ్ళు పరిచిన నిటారు దారి. నేను గుర్రం మీద వగరుస్తుంటే, తల మీద గంపతో ఒకావిడ చెయ్యి కూడా పట్టుకోకుండా దిగివస్తోంది. దాదాపు 900 మీటర్ల ఎత్తున, బిషప్ టోపీ అని పిలిచే కొండ కొన మీద, రాతి ఓడ ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది కోట. మధ్యాహ్నమైతే మబ్బు కమ్మేస్తుంది, పొద్దున్నే వెళ్ళాలి.

గైడు చెప్పిన కథలన్నీ రాస్తే నవ్వుతారు. సున్నంలో ఆవు నెత్తురు, బెల్లప్పాకం కలిపారట. రాజుగారు తన సైనికుల విశ్వాసం చూపించడానికి వాళ్ళని గోడ అంచు దాటి నడవమంటే నడిచి పడిపోయారట. సొరకాయ బుర్రలన్నీ స్వాధీనం చేసుకుని వాటినే డబ్బుగా వాడాడు కాబట్టి వాళ్ళ డబ్బుకి గూర్దు, అంటే సొరబుర్ర, అనే పేరొచ్చిందట. మన కోటల్లో లంకెబిందెలు చూపించే గైడులకి వీళ్ళు పెదనాన్న కొడుకులు.

తేలిన చరిత్ర ఏమిటంటే: 1804 జనవరి 1న స్వాతంత్ర్యం వచ్చింది. ఫ్రెంచివాళ్ళు మళ్ళీ వస్తారన్న భయంతో 1805లో ఈ కోట మొదలుపెట్టి 1820 దాకా కట్టారు. కట్టించింది క్రిస్టోఫ్. బానిసగా పుట్టి, సైన్యాధిపతి అయి, 1811లో ఉత్తర హైతీకి రాజుగా కిరీటం పెట్టుకున్నాడు. 20,000 మంది పనిచేశారంటారు. పది పన్నెండేళ్ళ కిందటి దాకా కొరడా కింద బతికినవాళ్ళనే మళ్ళీ రాళ్ళు మొయ్యమన్నాడు. బడులు పెట్టాడు, ఇంగ్లండు నుంచి పంతుళ్ళని రప్పించాడు, అదీ నిజమే. కింద ఊళ్ళో 1813కల్లా మేడ కట్టుకుని సాన్ సూసీ, అంటే ‘చింతలేనిది’, అని పేరు పెట్టుకున్నాడు. సాన్ సూసీ అనే పేరుతోనే ఒక విప్లవ సేనాని ఉండేవాడు, ఆఫ్రికాలో పుట్టినవాడు. ఆయన్ని 1803లో చంపించింది ఈ క్రిస్టోఫే. మేడ పేరుకీ ఆయనకీ సంబంధం ఉందా లేదా అని పండితులు కొట్టుకుంటారు. నాకైతే అనుమానమే లేదు. తను చంపించినవాడి పేరు రోజూ నోట్లో మెదులుతుంది, చచ్చినవాడి మీద కట్టిన ఇంటికి ఇంకేం పేరు పెడతారు?

1820 ఆగస్టులో పక్షవాతం వచ్చింది, సైన్యం ఎదురుతిరిగింది, అక్టోబరు 8న ఆ చింతలేని మేడలోనే కాల్చుకుని చచ్చిపోయాడు. శవాన్ని రాత్రికి రాత్రి కొండ మీదికి మోసుకెళ్ళి కోటలో సున్నంలో పూడ్చారు.

ఆ కోట మీద ఒక్క శత్రువూ దాడి చెయ్యలేదు. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ ముద్రలున్న ఫిరంగులు, రోజుకొకటి లెక్కన 365 అంటారు, పక్కన ఇనప గుండ్లు గుట్టలు గుట్టలుగా అలాగే ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళు 1825లో యుద్ధ నౌకలతో వచ్చి, “మా తోటలూ మా బానిసలూ పోయినందుకు 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి, లేకపోతే మీ దేశాన్ని దేశంగా ఒప్పుకోం” అన్నారు. 1838లో 9 కోట్లకి తగ్గించారు. ఆ అప్పుల మీద అప్పులు 1947 దాకా కడుతూనే ఉన్నారు. హైతీవాళ్ళకి కష్టపడటం చేతకాదని టీవీలో చెప్పేవాళ్ళ మీద నాకు ఒళ్ళుమండేది ఇందుకే. బాకీ కాగితం మీదికి ఏ ఫిరంగి గురిపెడతారు?

ఇక కొలత. నా దగ్గరున్నది మొండికాళ్ళు కొలిచే టేపు, మన దర్జీ టేపు లాంటిదే, మీటరున్నర పొడుగు. ఫిరంగి మూతి బయటికి పెట్టే కిటికీలో బోర్లా పడుకుని, లోపలి అంచు నుంచి బయటి అంచుకి పెట్టాను. రెండు టేపులూ ఒక జానా వచ్చింది. గైడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. రాళ్ళ మధ్య సున్నం గోటితో గీకితే రాలలేదు. వాన నీళ్ళు కింది తొట్లలోకి చేరేట్టు పైకప్పులు వాలు పెట్టి ఉన్నాయి, అదీ నోట్ చేసుకున్నాను, బోస్ అడుగుతాడని.

సోమవారం పొద్దున టెంట్‌లోకి వెళ్ళేసరికి లేచి కూర్చుని ఉన్నాడు. రెండు టేపులూ జానా అంటే నమ్మలేదు. టేపు నా చేతిలోంచి లాక్కుని మంచం పట్టె మీద నుంచి నేలమీదికి పరిచి, తిప్పి మళ్ళీ పరిచి, జాన తన చేత్తో పెట్టి చూసుకున్నాడు. పక్క మంచాలవాళ్ళు కూడా లేచి చూస్తున్నారు. నీళ్ళ వాలు సంగతి చెబితే తల ఊపాడు. నెత్తురు కలిపారట అన్నాను. కుర్రాడు ఆ మాట చెప్పేలోపే నవ్వేశాడు. “సున్నం బాగా కాల్చి, బాగా నానబెట్టారు. నెత్తురు కథలు మేస్త్రీలు కాని వాళ్ళు చెప్పుకునేవి” అన్నాడు.

టేపు మాత్రం తిరిగివ్వలేదు. మర్నాడు నుంచి పొద్దున్నే కట్టు తనే విప్పి, మొండికాలి చుట్టూ తనే కొలుచుకుని, టెంట్ గుంజ మీద బొగ్గుతో గీత గీసేవాడు. నేను వచ్చేసే రోజుకి పదకొండు గీతలున్నాయి.